దువ్వెనల వీధి దిగేవాళ్ళు

ఆ బస్సులో కండక్టరమ్మ ప్రతి ట్రిప్పులోనూ లేని వీధి పేరొకటి పిలిచేది.

"దువ్వెనల వీధి! దువ్వెనల వీధి దిగేవాళ్ళున్నారా?"

ఎవరూ లేచేవారు కాదు. కొత్తగా ఎక్కినవాళ్ళు కిటికీలోంచి తొంగిచూసేవారు. బట్టతల డ్రైవరు మాత్రం అద్దంలోంచి నవ్వేవాడు.

"ఆ వీధితో నాకు పనిపడి చాలా ఏళ్ళయిందక్కా. ఇంకెవర్నన్నా అడుగు."

"నీ నెత్తి మైదానమే గానీ ఎదర రోడ్డు కాదు. చూసి నడుపు తమ్ముడూ."

కొమ్ముతోనూ కర్రతోనూ దువ్వెనలు చేసే ఇళ్ళ వీధి అది. కండక్టరమ్మ తల్లి పుట్టింది అక్కడే. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయాక, అక్కకి రాయించిన ఉత్తరాలు 'అలాంటి వీధి లేదు' అంటూ తిరిగొచ్చాయి. కూతురి ఉద్యోగం పుణ్యమా అని ఇన్నాళ్ళకు మళ్ళీ ఈ నగరం చేరింది గానీ, చూపు మసకబారుతోంది. "పూర్తిగా పోకముందే మా అక్క మొహం ఒక్కసారి చూపించవే" అన్నదొక్కటే ఆమె కోరిక.

వీధి ఉన్నచోట ఇప్పుడు అద్దాల దుకాణాలు, కార్లు నిలిపే స్థలం. రోడ్డుకి ఎవరో దాత పేరు పెట్టారు. నగర కార్యాలయంలో అడిగితే "అక్కడెప్పుడూ ఖాళీ స్థలమేనమ్మా" అన్నాడు గుమస్తా. జనాన్ని ఖాళీ చేయించాకే ఏ స్థలమైనా ఖాళీ అవుతుందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

అందుకే ఆమె తన పద్ధతి తాను కనిపెట్టుకుంది. బోర్డులు మార్చగలరు గానీ చెవుల్ని మార్చలేరు కదా. ఆ పేరు వినబడితే ఎవరో ఒకరు తల తిప్పకపోరు. ఆ ఒక్క తల కోసం అద్దాల దుకాణాల దగ్గర కేకవేసేది.

ఓసారి తనిఖీ అధికారి చెవినే పడింది.

"లేని స్టాపు పిలుస్తావేంటమ్మా?"

"ఉన్నవన్నీ పిలిచాకే పిలుస్తున్నా సార్. దానికి టిక్కెట్టు కూడా కొట్టడం లేదు."

"మరి దేనికి?"

"మా పెద్దమ్మ జాడ దొరుకుతుందేమోనని."

ఆయన నవ్వాలో రాసుకోవాలో తెలియనట్టు దిగిపోయాడు. రాసుకునే ఉంటాడు. వారం తిరక్కుండా ఆమెను ఊరిచివరి రూటుకి మార్చేశారు.

ఇటుక బట్టీలు, చెత్తగుట్టలు దాటిపోయే రూటు అది. అక్కడ ఆ పేరుతో పనిలేదని ఆమెకు తెలుసు. అయినా అలవాటుపడ్డ నోరు ఊరుకోదు. చివరి స్టాపుకి ముందు ఆ కేక దానంతటదే జారిపోయింది.

వెనక సీట్లోంచి ముగ్గురు లేచారు.

ఇద్దరాడవాళ్ళు, ఒక ముసలాయన. విడ్డూరమేమీ జరగనట్టు సంచులు సర్దుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఆపించవేంటమ్మా? ఇదేగా!" అంది ముందున్నావిడ.

"ఇక్కడ దువ్వెనల వీధేంటి పిన్నీ? అది అద్దాల దుకాణాల దగ్గర కదా!"

"అక్కడ మిగిలింది మట్టి. వీధంటే మేమే. మమ్మల్ని లారీల్లో తెచ్చి ఇక్కడ పోశారు. కాగితాల్లో మాదేదో నంబరు కాలనీ."

"మరి బస్సులో ఎవరూ ఆ పేరు చెప్పరే?"

"చెబితే మీ కండక్టర్లు ఊరుకుంటారా? 'అలాంటి స్టాపు లేదు, చివరిదాకా టిక్కెట్టు కొట్టనా' అంటారు!"

కండక్టరమ్మకు ఆ మాట చురుక్కుమంది. పెద్దమ్మ సంగతి అడిగింది. దువ్వెనకి పళ్ళు కోసే ఇంటి పెద్దకూతురు అని చెప్పింది.

"పళ్ళక్కా? ఉందిగా! నోట్లోవి రాలిపోయాయి గానీ పేరు రాలలేదు."

సెలవు దొరికిన రోజున తల్లిని తీసుకెళ్ళింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు.

"జాగ్రత్తమ్మా, నీకు తెలీని దారి."

తల్లి మొదటి గుమ్మం దగ్గరే ఆగింది. "ఇదెవరిల్లు?"

"రంపాలు నూరే ఆయనది" అన్నారెవరో.

"అయితే పక్కది కొమ్ములు ఉడకబెట్టేవాళ్ళది. దాని పక్కన మంత్రసాని."

"అవును! నీకెలా తెలుసు?"

ఈ ఇళ్ళకి లాటరీ తీసి ఒక్కొక్కరినీ ఒక్కో మూలకి విసిరేసింది ప్రభుత్వం. తాళాలు చేతికొచ్చిన సాయంత్రమే వీళ్ళు ఒకరివొకరు మార్చుకుని పాత వరసలోనే కాపురాలు పెట్టారు. ఏ అనుమతీ అడగలేదు.

తల్లి కూతురి చెయ్యి వదిలేసింది. మంత్రసాని గుమ్మం దాటి, మలుపు తిరిగి, అరుగుమీద కూర్చున్న ముసలామె ముందు వంగింది.

"ఎవరే నువ్వు? మొహంమీద పడి చూస్తావేంటి?"

"కనబడట్లేదే అక్కా. ఇంకొంచెం ఇటు తిరుగు."