నడకకి హాజరు పట్టీ

జూన్ మొదటి సోమవారం ఉదయం అయిదూ ఇరవై అయిదుకి నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో కొత్త రిజిస్టరు, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను. ఆ రోజు నుంచి మా కోడలు నడక మొదలుపెట్టాలి. అయిదున్నరకి వీధిలోకి వెళ్లి ఆరూ పదికి తిరిగి రావాలి.

కోడలంటే నా కొడుకు భార్య, మా అన్నయ్య కూతురు కూడా. పుట్టినప్పుడు మంత్రసాని చేతుల్లోంచి మొదట అందుకున్నది నేనే. అందుకని తనకి నా దగ్గర భయం లేదు, నాకు తన దగ్గర మొహమాటం లేదు. మేముండేది నెల్లిమర్లలో. తను విజయనగరం కోట దగ్గర ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నలభై ఒకటో ఏడు. మే నెలలో ఆఫీసులో వైద్య శిబిరం పెడితే అందరితోపాటు పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చింది. మూడు నెలల చక్కెర సగటు ఆరు పాయింట్ నాలుగు. చక్కెర వ్యాధి అనడానికి పాయింట్ ఒకటే తక్కువ.

డాక్టరు మాత్ర రాయలేదు. "వారానికి ఆరు రోజులు, రోజుకి నలభై నిమిషాలు నడవండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం. దిగకపోతే మాత్ర మొదలుపెడదాం" అన్నాడు.

చాలా ఇళ్లలో మాత్ర అంటే మాత్రే. మా ఇంట్లో అలా కాదు. మా అన్నయ్యకి మాత్రలతో మొదలై, ఇంజక్షన్ల మీదుగా, అరవై తొమ్మిదో ఏట కుడికాలు మోకాలి కింద తీసేసేదాకా వచ్చింది. నాకు నలభై ఏడో ఏట మాత్రలు మొదలయ్యాయి. ఇప్పుడు డెబ్భై ఒకటి. ఇన్సులిన్ పొద్దున పద్దెనిమిది యూనిట్లు, సాయంత్రం పది. ఆ రక్తమే కోడలిది. అందుకని ఆ మూడు నెలల్లో ఆ అంకె దిగడం తప్ప నేను దేవుణ్ని ఇంకేమీ అడగలేదు.

నేను ముప్పై నాలుగేళ్లు ఆఫీసు ఉద్యోగం చేశాను. చివరి పదకొండేళ్లు సూపరింటెండెంటుని. హాజరు పట్టీ నా బల్ల మీదే ఉండేది. లెక్క వేస్తే కుదరని పని ఉండదని నా నమ్మకం. కాబట్టి లెక్క వేశాను. కోడలు లేచేది అయిదుంబావుకి, షేర్ ఆటో ఎక్కేది తొమ్మిదుంబావుకి. మధ్యలో రెండు వందల నలభై నిమిషాలు. వంటకి ఎనభై. భోగాపురంలో విమానాశ్రయం పనిలో ఉన్న మా అబ్బాయికి టీ, క్యారేజీ ఇరవై. నీళ్లు పట్టడానికి ముప్పై అయిదు. మనవరాలిని బడికి తయారుచేయడానికి ఇరవై అయిదు. స్నానం, దీపం ఇరవై అయిదు. చీర, జడ పదిహేను. మొత్తం రెండు వందలు. మిగులు నలభై. డాక్టరు అడిగిందీ నలభయ్యే. ఆ కాగితం చూసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

నిబంధనలు మా ఆఫీసువే పెట్టాను. పది నిమిషాలు మినహాయింపు. అయిదూ నలభై దాటితే ఎర్ర సిరాతో లేటు మార్కు. మూడు లేట్లయితే ఒక రోజు నడక కొట్టివేత.

"ఏటత్తా, ఇంట్లో కూడా ఆఫీసేనా నాకు?" అంది కోడలు.

"నీ మంచికే."

"మా సూపర్నెంటూ ఇదే మాట అంతాడు."

ఆదివారాలు తీసేస్తే మొదటి ఇరవై ఆరు రోజుల్లో వేళకి నడిచినవి తొమ్మిది. లేటు ఎనిమిది. నాగా తొమ్మిది. లేట్లకి రెండు రోజులు కొట్టేస్తే నికరం పదిహేను. ఆ అంకె కింద రెండు గీతలు గీశాను.

ఇరవై ఏడో రోజు నా మందుల డబ్బా కింద ఒక కాగితం కనిపించింది. కోడలి దస్తూరీ. "అమ్మగారి దివ్యసముఖమునకు. ఈ దినము కుళాయి అయిదున్నరకే వచ్చినందునను, బిందెలు నేనే పట్టవలసి యున్నందునను, నాకు నడక నుండి ఒక దినము సాధారణ సెలవు మంజూరు చేయ ప్రార్థన. ఇట్లు, తమ విధేయురాలు."

నవ్వొచ్చింది. నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది. "సెలవు ముందు రోజే అడగవలెను. తిరస్కరించడమైనది" అని రాసి కాగితం ఫ్రిజ్ మీద పెట్టాను.

ఆ సాయంత్రం కోడలు బ్యాగు కూడా దించకుండా నా ఎదురుగా నిలబడింది.

"అత్తా, ఒక్క మాట అడుగుతాను, సెప్పు. నువ్వు ఉజ్జోగం సేసినప్పుడు నడిసేవా?"

నేను ఎర్ర పెన్నుకి మూత పెట్టాను.

"నలభై ఏడో ఏట నీకూ నడమనే కదా సెప్పేరు? ఎన్ని రోజులు నడిసేవు? ఆ రిజిస్టరేదీ, సూపించు."

రిజిస్టరు లేదు. నడిచింది పదకొండు రోజులు. పన్నెండో రోజు ఆడిట్ వచ్చింది. ఆడిట్ వెళ్లిపోయాక మాత్ర వేసుకున్నాను, అదే తేలిక అనిపించింది. ఈ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కోడలికి చెప్పాను. తను లోపలికి వెళ్లి బియ్యం కడిగింది. మర్నాటి నుంచి నడక మానేసింది. నాలుగు రోజులు రిజిస్టరులో ఖాళీ గళ్లే.

అయిదో రోజు పొందూరు నుంచి అన్నయ్య ఫోను.

"ఒసే, నా కూతుర్ని ఏటి సేస్తన్నావే నువ్వు?"

"నడవమంటున్నాను. నీలా కాకూడదని."

"నాలా కాకూడదని నాకు మాత్రం నేదేటి? కాలు పోయినోణ్ని నేను. ఎర్ర పెన్ను నేను అట్టుకోవాల, నువ్వు కాదు. దానికి టైము ఎక్కడుందో సూసేవా ఎప్పుడైనా?"

"చూశాను. నలభై నిమిషాలు మిగులుతోంది."

"కాయితమ్మీద సూసేవు. దాన్ని సూడు."

ఫోను పెట్టేశాడు. కోపం వచ్చింది. కానీ మర్నాడు పొద్దున అయిదుంబావుకి వంటింట్లో పీట వేసుకుని, గడియారం ముందు పెట్టుకుని, కోడలి చేతులు ఖాళీగా ఉన్న ప్రతిసారీ నిమిషాలు రాశాను. కుక్కరు కూతకి ముందు మూడు. బిందె నిండేలోపు నాలుగు. అబ్బాయి క్యారేజీ కట్టాక, వాణ్ని తీసుకెళ్లే వ్యాను వచ్చేలోపు అయిదు. పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు ఆరు. అలా రాసుకుంటూ పోయి తొమ్మిదుంబావుకి కూడితే ముప్పై ఎనిమిది వచ్చాయి. నా లెక్క ఇంచుమించు సరిగ్గానే ఉంది. అయితే ఆ నిమిషాలు ఒక్క చోట లేవు. ఎనిమిది ముక్కలు. నేను ప్రతి పనికీ ఎంతసేపు అని రాశాను, ఎప్పుడు అని రాయలేదు. నీళ్లకి ముప్పై అయిదు వేశాను కానీ, రోజు విడిచి రోజు ఆ కుళాయి సరిగ్గా నడక వేళకే వస్తుందని ఆ కాగితంలో గడి లేదు. రోజూ ఆ బిందెలు చూసే మనిషిని, నాకు తట్టలేదు.

ఆ రోజే కంటి పరీక్ష పేరు చెప్పి కోడలితోపాటు ఆటో ఎక్కాను. పరీక్ష అయ్యాక మధ్యాహ్నం తన ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఒంటి గంటన్నరకి నలుగురు ఆడవాళ్లు క్యారేజీలు విప్పారు. పన్నెండు నిమిషాల్లో తినేశారు. తర్వాత పద్దెనిమిది నిమిషాలు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

"ఈ భవనం చుట్టూ ఒక చుట్టుకి ఎంత సేపు పడుతుంది?" అని అడిగాను.

కోడలి పక్కన కూర్చున్న పెద్దావిడ నావైపు చూసి, "ఈవిడేనా ఎర్ర పెన్ను?" అంది కోడలితో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడే లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుని, "రండమ్మా, సూసొద్దుం. కూకుని కూకుని నా నడుమూ పట్టీసింది" అంది. అందరం కలిసి తిరిగి వచ్చాం. చుట్టుకి అయిదు నిమిషాలు. మూడు చుట్లు పదిహేను.

సాయంత్రం ఆటోలో కోడలి ఆఫీసు సంచీలోంచి తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. పొద్దున ఒక స్టాపు ముందు దిగితే ఆఫీసుకి పన్నెండు నిమిషాలు. మధ్యాహ్నం పదిహేను. సాయంత్రం మళ్లీ ఆ స్టాపు దాకా పన్నెండు. ముప్పై తొమ్మిది.

"ఒక్క నిమిషం లోటు" అన్నాను.

కోడలు అయిదు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాటకి మాత్రం ఆటోలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది.

"ఆ ఒక్క నిమిషానికి మేడమెట్లు ఎక్కుతానత్తా. రాసీసుకో."

ఆ వారం నుంచి పట్టీలో రోజుకి మూడు గళ్లు. పెన్ను కోడలి చేతిలోనే. ఎర్ర సిరా తీసేశాను. వర్షం పడితే పెద్దావిడ గొడుగులు తెప్పించేది. పెద్ద పని పడి మధ్యాహ్నం కుదరని రోజున ఆ గడి ఖాళీగా ఉండిపోయేది. దాని మీద నేను ఏమీ రాయలేదు. ఆ ఖాళీ చూసి ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. రెండు నెలల్లో కోడలు పూర్తిగా నలభై అందుకున్నవి ముప్పై ఒక్క రోజులు. కనీసం ఒక గడి అయినా నింపనిది మూడు రోజులే.

సెప్టెంబరు మొదటి వారంలో రక్తపరీక్ష. కాగితం తెరిచే ముందు కోడలు నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఇంజక్షనుకి వెళ్లినప్పుడు పట్టుకున్నట్టే, వేళ్లు నొప్పి పుట్టేలా.

ఆరు పాయింట్ ఒకటి.

"మాత్ర అక్కర్లేదు. ఇలాగే నడవండి. డిసెంబరులో మళ్లీ చూద్దాం" అన్నాడు డాక్టరు. గండం పూర్తిగా గడవలేదని నాకు తెలుసు. కానీ మా ఇంట్లో ఆ అంకె కిందికి దిగడం నేను చూడటం అదే మొదలు.

కోడలు బయటికి రాగానే తండ్రికి ఫోను చేసింది. "నానా, దిగింది." అవతలి నుంచి అన్నయ్య గొంతు నాకూ వినిపించింది. "మీ అత్తకి కూడా ఓ పట్టీ తెరవే. అదీ పదకొండు రోజులకే మానీసింది కదా."

అంటే కోడలు నా సంగతి అన్నయ్యకి చెప్పేసిందన్నమాట.

మర్నాడు పొద్దున రిజిస్టరు తెరిస్తే రెండో వరస కొత్తగా ఉంది. "అత్త. సాయంత్రం అయిదున్నర. వీధి చివరిదాకా, రానూ పోనూ. పదిహేను నిమిషాలు." కింద కోడలి పొట్టి సంతకం.

ఆ సాయంత్రం చెప్పులు వెతుక్కుని, మోకాలి పట్టీ బిగించుకుని గుమ్మం దాటేసరికి అయిదూ నలభై ఒకటి. ఆఫీసు నుంచి కోడలు ఫోను చేసింది.

"బయల్దేరేవా?"

"ఒక్క నిమిషం లేటు. మార్కు వేసుకో."

"పర్నేదు. పద" అంది కోడలు. నేను వీధి చివర మలుపు చేరేదాకా తను ఫోను పెట్టలేదు.