వాన పడితే పని బందు

మా ఊరివాళ్ళం వానకు భయపడిన ఏడాది ఒకటుంది. ఈ మాట అంటే మా మనవలు నవ్వుతారు. రెండేళ్ళు మొగులు వైపు చూసి చూసి కళ్ళు కాయలు కాసిన మనుషులు, తీరా మొగులు నల్లబడ్డ రోజున గుండెలు చిక్కబట్టుకుని కూర్చున్నారంటే ఎవరు నమ్ముతారు? కానీ కూర్చున్నాం. అందరికంటే ఎక్కువ భయపడిందాన్ని నేనే. ఆ భయంలో నేను చేసిన పని ఒకటుంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరవైల నడుమ సంగతి. మాది మక్తల్‌కు ఒక పూట నడక దూరంలో ఉన్న ఊరు. మా అత్తగారింటివాళ్ళు గొర్రెలు కాచేవాళ్ళు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, చంకలో ఆరు నెలల బిడ్డ. మొదటి ఏడు జొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. రెండో ఏడు విత్తనమే వేయలేదు. గడ్డి లేక గొర్రెలు ఒక్కొక్కటిగా కూలబడ్డాయి. నిలబడగలిగినవాటిని సంతకు తోలితే కొనేవాడు లేడు. భూమి ఉన్నవాళ్ళే చేతులు కట్టుకుని కూర్చుంటే వాళ్ళ దగ్గర కూలికి పోయేవాళ్ళను పిలిచేదెవరు? నాగలి కదలకపోతే కర్రు సాగగొట్టించుకునేవాడు ఉండడు. మా వాడలో కమ్మరి కొలిమి ఆరిపోయి బూడిదలో కోళ్ళు పొర్లాడేవి. ఒకరి చేతిలో పని పోతే పక్కవాడి చేతిలోది కూడా పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

అట్లాంటి రోజుల్లో ఊళ్ళోకి వచ్చేది గుంపు మేస్త్రీ ఒక్కడే. దూరాన ఎక్కడో డ్యాములు కట్టేచోటికి మనుషులను లారీలో తీసుకుపోయేవాడు. ముందటి ఏడు మా బావగారు, అంటే మా ఆయన అన్న, అతని వెంట పోయాడు. కాలువ తవ్వుతుంటే మట్టిపెళ్ళ విరిగి మీద పడిందట. ఆయన కప్పుకుని పోయిన గొంగడిని ఎవరో మడతపెట్టి తెచ్చి మా అత్త చేతిలో పెట్టారు. ఆ రోజు నుంచి లారీ చప్పుడు వింటే చాలు, మా ఆయన ఎక్కడున్నాడో వెతుక్కునేదాన్ని.

ఆ ఎండాకాలం సర్కారు కరువు పని తెరిచింది. మా ఊరి నుంచి మక్తల్ తొవ్వ దాకా రోడ్డు. మగవాళ్ళు గుట్ట మీద రాయి పగలగొట్టాలి, ఆడవాళ్ళం కింద కూర్చుని కంకర కొట్టాలి, ముసలివాళ్ళు మట్టి పోయాలి. వారానికొకసారి కూలి ఇచ్చేవారు. మొదటి కూలి అందిన వారమే కోమటి దుకాణంలో జొన్నలు దిగాయి. సమ్మెటలకు, గడ్డపారలకు మొనలు పెట్టించుకోవడానికి కమ్మరి ఇంటి ముందు మనుషులు వరుస కట్టారు. కొలిమి మళ్ళీ అంటుకుంది. కమ్మరి భార్య నా ఈడుదే. నా పక్కనే కూర్చుని కంకర కొట్టేది. ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్ళం. నా బిడ్డ ఏడిస్తే ఆమె ఎత్తుకునేది. ఆమె పిల్ల ఏడిస్తే నేను పాలిచ్చేదాన్ని.

పని ఉంది కదా అని భయం పోలేదు. రోజూ మధ్యాహ్నం గుట్ట మీద బండల్లో తూటాలు పెట్టి పేల్చేవారు. ముందు ఎర్రగుడ్డ ఊపి అరిచేవారు. మేం సుత్తెలు కింద పెట్టి పిల్లల చెవులు మూసి వంగి కూర్చునేవాళ్ళం. పేలిన తర్వాత గుట్ట మీద దుమ్ములో మా ఆయన తలపాగా కనపడే దాకా నేను మళ్ళీ సుత్తె పట్టేదాన్ని కాదు. అయినా ఆ పని ఆగకూడదని రోజూ మొక్కుకునేదాన్ని. తూటాల చప్పుడు కంటే లారీ చప్పుడే నాకు భయం.

మిరుగం, అంటే మృగశిర కార్తె, రాగానే వాన పడింది. ఒక్క దుక్కి తడిసేంత. చినుకులు పడుతుంటే పిల్లలు కేకలు వేస్తూ ఉరికారు. పెద్దవాళ్ళెవరూ కదలలేదు. మా అత్త గుడిసె గుమ్మంలో నిలబడి, "గిప్పుడా వచ్చేది తల్లీ! పంట రావాల్నంటే ఇంక నాలుగు నెల్లు. గప్పటిదాంక ఏం దినాలె?" అంది. అందరి మనసులో ఉన్నది అదే. వాన పడిందంటే కరువు పోయింది. కరువు పోతే కరువు పని ఎందుకు?

ఆ సోమవారం ఓవర్సీరు గుడిసెలో నీళ్ళకుండ నింపడానికి పోయాను. ఓవర్సీరంటే మా పని చూసే సర్కారు మనిషి. ఆయన గుట్ట మీదికి పోయి ఉన్నాడు. బల్ల మీద ఒక కాగితం, ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి. మా అమ్మగారి ఊళ్ళో నేను నాలుగో తరగతి దాకా చదివాను. మా పనిలో ఉన్న ఆడవాళ్ళలో అక్షరం ముక్క వచ్చింది నా ఒక్కదానికే. వర్షములు కురిసినందున పనులు శనివారము నుండి నిలిపివేయబడునని దాని మీద రాసి ఉంది. చావిడి గోడకు అంటించడానికి పంపిన కాగితం అది. పని పూర్తిగా రాబట్టుకుని పని ఆగే రోజునే అంటించాలనుకున్నాడేమో, ఆయన ఎవరికీ చెప్పలేదు.

కుండ నా చేతిలోంచి జారింది. పగలలేదు కానీ నీళ్ళన్నీ పోయాయి. మళ్ళీ బావికి పోయి తోడుకొచ్చి నింపాను. అంతసేపూ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. గుంపు మేస్త్రీ ఊళ్ళోనే ఉన్నాడు. గురువారం పొద్దున లారీ పోతుంది. మా ఆయన అతనికి ముందే చెప్పాడు, "ఈడ పని నడిస్తె నేను రాను. బందైతె వస్త" అని. ఈ సంగతి తెలిస్తే లారీ ఎక్కుతాడు. ఎక్కితే గొంగడి తిరిగొస్తుంది. నాకు అంతకు మించి ఏమీ తోచలేదు.

ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం కంకర కొడుతూ కమ్మరి భార్య అడిగింది. "వదినా, మేస్త్రీ మావోన్ని గూడ రమ్మంటుండు. డ్యాం కాడ పనిముట్లకు కమ్మరోడు గావాల్నంట. మమ్ముల గూడ తోల్కపోతడంట. ఈడ పని ఇంకెన్ని దినాలుంటదో! నీకు సదువొచ్చు గద, ఓవర్సీరు కాడ ఏమన్న తెలిసెనా?"

సుత్తె దెబ్బ నా వేలి మీద పడింది. నెత్తురు వచ్చింది. "నాకేం తెల్వది వదినా" అన్నాను.

ఆమె తన కొంగు చింపి నా వేలికి కట్టింది.

గురువారం లారీ పోయింది. మా ఊరి నుంచి ఎక్కినవాళ్ళు తక్కువే. ఇక్కడ పని ఉందని అందరూ ఆగిపోయారు. కమ్మరివాళ్ళూ ఆగిపోయారు. దుమ్ము అణగిన తర్వాత మా ఆయన ఇంట్లోకి వచ్చి మామూలుగా అంబలి తాగాడు. ఆయన గొంతు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. బతికున్నాడు, ఇంట్లో ఉన్నాడు. కానీ శనివారం తర్వాత ఆ ముంతలోకి అంబలి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు. ఆ రెండు రోజులు నేను ఎవరి ముఖంలోకీ చూడలేదు.

శనివారం పొద్దున కాగితం చావిడి గోడ మీద ఉంది. చదివినవాళ్ళు చెబితే జనం గొల్లుమన్నారు. కమ్మరి భార్య మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "చూస్తివా వదినా, ఎంత మోసం జేసిండ్రు! మొన్న తెలిసుంటె లారీ ఎక్కకపోదుమా?"

అక్కడికక్కడే చెప్పేశాను. సోమవారమే చదివానని, ఆమె అడిగినప్పుడు కూడా తెలుసునని. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన లేచి బయటికి పోయాడు. ఆమె మాత్రం, "నీ మొగన్ని కాపాడుకున్నవు. మంచిది" అంది. అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

సోమవారం ఊరంతా మక్తల్‌కు నడిచింది, తాసిల్దారుకు మొర పెట్టుకుందామని. అప్పటికి నేను చేసింది ఊరంతా పాకింది. కాగితం ముందే చదివింది నువ్వే కదా, నువ్వే మాట్లాడాలి అని నన్ను ముందుకు తోశారు. తప్పు చేసినదాన్ని కాబట్టి కాదనలేకపోయాను. కమ్మరి భార్య కూడా వచ్చింది. తొవ్వ పొడుగునా నాతో మాట్లాడలేదు.

తాసిల్దారు కచేరీ మెట్ల దగ్గర ఆగిపోయాను. సర్కారు కాగితం దొంగతనంగా చదివానని జైల్లో పెడతారని అనుకున్నాను. బిడ్డను అత్త చేతికిచ్చి, "నేను రాకపోతె పాలకు యాడన్న మేకను చూడు" అని కూడా చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ పూట నవ్వలేదు.

తాసిల్దారు చెడ్డవాడేం కాదు. ఓపికగానే విన్నాడు. "వాన పడ్డంక కరువు పని ఎట్ల నడపాలె? సర్కారు పైసలు ఊరికె వస్తయా? ఇగ చేన్లల్ల పని దొర్కుతది గద మీకు."

ఎట్లా వచ్చాయో మాటలు, అప్పుడు మాత్రం వచ్చాయి. "దొరా, పడ్డది వాన, పంట గాదు. చేనున్నోల్ల ఇంట్లనే గింజ లేదు. మాకు కూలి ఎవరిస్తరు? కలుపు దీసే దినాలు వచ్చేదాంక జర నడపుండ్రి. గప్పుడు మీరు రమ్మన్నా మేం రాం."

నా వెనక నుంచి కమ్మరి భార్య గొంతు వినిపించింది. "రోడ్డు పని ఒక్క మాకే గాదు దొరా. గీ పని నడిస్తెనే మా కొలిమి నడిసింది, కోమటాయన దుకాణం నడిసింది. అది బందైతె అన్నీ బందైతయి."

తాసిల్దారు మా మాటలు కాగితం మీద రాసుకున్నాడు. పాలమూరులో జిల్లా కచేరీకి రాస్తానని, జవాబు వచ్చేదాకా తన చేతిలో ఏమీ లేదని చెప్పి పంపేశాడు. కాగితం ఎవరు చదివారని అడగనే లేదు.

జవాబు రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజుల భయం నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. చెంచలాకు, తుమ్మికూర ఉడకబెట్టుకుని తిన్నాం. నాకు పాలు తగ్గాయి. బిడ్డ ఏడవడం మానేసి ఊరికే చూసేది. ఏడవని బిడ్డను చూస్తే ఎంత భయమేస్తుందో చెప్పలేను. గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. పదో రోజున కమ్మరివాళ్ళు ఇల్లు మూసేసి, కొలిమి తిత్తి, ఇనుము పెట్టి కొట్టే దాగలి అక్కడే వదిలి, పిల్లలను భుజాన వేసుకుని డ్యాం వైపు నడిచిపోయారు. లారీలో పోవలసినవాళ్ళు. నేను తడక వెనక నుంచి చూశాను, బయటికి రాలేదు.

పని మళ్ళీ తెరిచారు. కలుపుల కాలం దాకా నడిచింది. ఈసారి మొద్దుబారిన గడ్డపారలకు మొన పెట్టేవాడు లేక మక్తల్‌కు మోసుకుపోవలసి వచ్చింది. అయినా ఊరు నిలబడింది. కూలి డబ్బుతో చేనున్నవాళ్ళు విత్తనాలు తెచ్చుకున్నారు, ఆ చేలలో మాకు కలుపు పని దొరికింది. ఆ ఏడు జొన్న పండింది. నా బిడ్డ బతికింది. మా ఆయన ఏ లారీ ఎక్కలేదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ నాలుగు గొర్రెలు కొన్నాం.

సర్కారు అట్లా రోడ్లమీద, చెరువులమీద డబ్బు పోయడం వల్ల పని పుడుతుందా, అది ఉత్త వృథానా అని చదువుకున్నవాళ్ళు వాదించుకోవడం తర్వాత చాలాసార్లు విన్నాను. నాకు వాళ్ళంత తెలియదు. పని పుట్టడం నేను కళ్ళతో చూశాను, కొలిమి అంటుకోవడం చూశాను. ముందుగా ఆపేస్తే ఎన్ని ఇళ్ళు మూతపడతాయో అదీ చూశాను.

కమ్మరివాళ్ళు ఏడాదిన్నరకు తిరిగి వచ్చారు. వాళ్ళు చేరేసరికి కమ్మరి పని ఇంకొకరికి పోయిందట, ఇద్దరూ మట్టి మోశారట. మా రోడ్డు మీద అప్పటికి పల్లికాయ బండ్లు తిరుగుతున్నాయి. చక్రాలకు ఇనుప పట్టాలు వేయించుకునేవాళ్ళతో వాళ్ళ వాకిలి మళ్ళీ నిండింది. పిల్లలు క్షేమంగా ఉన్నారని విన్నాక గాని నేను ఆ వాకిట్లో కాలు పెట్టలేదు.

ఆమె చేట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి పీట జరిపింది. కూర్చున్నాను.

"నీ జాగల నేనున్నా గట్లనే జేద్దునేమో వదినా" అంది చెరగడం ఆపకుండా. "కానీ జేసింది నువ్వు గద."

అవునన్నాను. ఆమె ఇంకో చేటెడు జొన్నలు నా ముందు పోసింది. ఇద్దరం పొద్దుగూకే దాకా రాళ్ళు ఏరాం.