చదువరి వాటా

కణ్ణూరు బీడీ షెడ్డుల్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే ఒకరు బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి అందరికీ వినబడేలా పేపరు చదవాలి, మిగతావాళ్లు చుడుతూ వినాలి. చదివేవాళ్ల కూలి పోకుండా తలా కొన్ని బీడీలు అదనంగా చుట్టి వాళ్ల వాటాలో వేయాలి. కౌసల్య ఇరవై రెండేళ్లు అలా చదివింది. ఆడగొంతుకి రాజకీయాలేం నప్పుతాయని మొదట సణిగినవాళ్లే, వారం తిరక్కుండా, ఆమె రాని రోజున చేతులు సాగడం లేదని గొణిగారు.

చదివే ముందు పేపరు పేరు, తేదీ, వారం చెప్పాలి. అది షెడ్డు మర్యాద. కల్పించి చదివావని రేపెవరైనా దెబ్బలాటకు వస్తే పేపరు తిరగేసి చూపించొచ్చు. ఆ మర్యాదే అరవై నాలుగో ఏట ఆమె కొంప ముంచింది.

షెడ్డు మూతపడి చాలా కాలమైంది. పాత నేస్తాలు నలభై మంది తలో మూలా ఉన్నారు, సగం మందికి చూపు ఆనదు. అందుకని కౌసల్య రోజూ వంటింట్లో ఫోను ముందు కూర్చుని పేపరూ, కాసింత నవలా చదివి, ఫోనులో చోటు చాలదని ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన ఖాతాలోనే దాచేది. ఉచితమే మరి, ఎవరు వద్దంటారు? లింకు నొక్కి అందరూ వినేవాళ్లు. ఒకరోజు ప్రాణ స్నేహితురాలు నారాయణి వచ్చి పక్కన కూర్చుంది. నవలలో జమీందారు భోరుమంటుంటే ఆపుకోలేక పకపకా నవ్వి, ఈయన అచ్చం మన బీడీ సొసైటీ సెక్రటరీలా ఏడుస్తున్నాడే అంది. అదీ రికార్డయింది. ఆ ఏడు కర్కాటక మాసపు వానల్లో నారాయణి పోయింది. షెడ్డులో వాళ్లతోపాటే బీడీలు చుట్టిన ఆమె అక్క యశోదకు ఎనభై రెండేళ్లు, రెండు కళ్లూ లేవు. రోజూ మనవరాలి చేత ఆ రికార్డు పెట్టించుకుని, చెల్లెలి నవ్వు విన్నాకే గంజి ముట్టేది.

ఒక పొద్దున చూస్తే ఖాతా లేదు. ఇతరుల ప్రసారాలు దొంగిలించారు కనుక మూసేశామని నాలుగు ముక్కలు రాసి ఉంది. పేపరు పేరు, తేదీ రోజూ వినబడేసరికి ఏదో యంత్రం ఈవిణ్ణి దొంగ కింద జమకట్టింది. కౌసల్య మూడుసార్లు మొర పెట్టుకుంది. మూడుసార్లూ అదే జవాబు, అక్షరం తేడా లేదు. మనిషితో మాట్లాడదామంటే ఆ కంపెనీలో మనుషులున్న జాడే లేదు. అద్దె ఇంట్లోంచి సామాను బయట పారేసే యజమాని కూడా ఎదురుపడితే తిట్టించుకుంటాడు, వీళ్లకు ఆ పాటి సిగ్గూ లేదు.

ఆ సాయంత్రం యశోద కబురు పెట్టింది. కౌసల్య వెళ్లి పక్కన కూర్చుంటే ఆమె చెయ్యి తడిమి పట్టుకుంది.

“మట్టి చేసిన రోజు ఏడవలేదే నేను. గొంతు నీ దగ్గరుందిలే అనుకున్నా. దాన్ని కూడా ఎవరికిచ్చావే?”

కౌసల్య అక్కణ్ణుంచి లేచింది. తిన్నగా శశీంద్రన్ కొట్టుకు పోయింది. ఊళ్లో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు లాగేది అతనే. కౌసల్యను ఏచ్చీ అని, అంటే అక్కా అని పిలుస్తాడు. తన గొంతు తన ఇంట్లోనే ఉంచుకుని అందరికీ ఎందుకు వినిపించకూడదని నిలదీసింది.

“ఏచ్చీ, ఇళ్లకిచ్చే లైన్లు తెచ్చుకోడానికే గానీ పంచిపెట్టడానికి కావు. బయటివాళ్లు మీ ఇంటికి రావాలంటే దానికో చిరునామా ఉండాలి. పెద్ద కంపెనీలు అది ఇవ్వవు.”

“నువ్విస్తావా?”

శశీంద్రన్ తల గోక్కున్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు.

అడిగాక మాత్రం కాదనలేదు. బడివాళ్లు పక్కన పడేసిన కంప్యూటరు తెచ్చి, ఎవరికీ కప్పం కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వంటింటి అటక మీద బియ్యం డబ్బా పక్కన కూర్చోబెట్టాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందని నేస్తాలు ఆటపట్టించారు. కౌసల్య లెక్కచేయలేదు. ఆ పెట్టె ఆమెది, దాన్ని ఆపాలంటే ఆమె గుమ్మంలోకి వచ్చి మనిషన్నవాడు అడగాలి.

పెట్టె వచ్చింది సరే, అందులో పెట్టడానికి ఏముంది? మీ దగ్గర ఏమైనా మిగిలితే పట్టుకురమ్మని నలభై మందికీ కబురు వెళ్లింది. వచ్చారు, ఫోన్లు పట్టుకుని తెల్లముఖాలు వేశారు. ఇంట్లో ఇరవై నాలుగ్గంటలూ నెట్టు ఉన్నవాళ్లు ఒక్కటీ దాచుకోలేదు. ఎప్పుడు నొక్కితే అప్పుడు పలికేదాన్ని దాచుకోవడం దేనికి? నారాయణి నవ్వు ఎవరి దగ్గరా లేదు. కౌసల్య ఆ మధ్యాహ్నం అన్నం తినలేకపోయింది.

సాయంత్రానికి ఆ నలభై మందిలో మిగిలిన పాంచాలి వచ్చింది. కొండ మీద ఆమె ఇంట్లో సిగ్నలు అందదు. వారానికోసారి దిగి గ్రంథాలయం అరుగు మీద కూర్చుని, మూడేళ్లుగా అన్నీ ఫోనులోకి దింపుకుని పోయేది. అంతా ఆమెను చూసి జాలిపడేవాళ్లు. ఆలస్యమైందని నొచ్చుకుంటూ ఫోను కౌసల్య చేతిలో పెట్టింది. వెయ్యికి పైచిలుకు రికార్డులు. నారాయణి కూడా ఉంది.

మర్నాడు పొద్దున కౌసల్య యశోద పక్కన కూర్చుని, పాంచాలి ఫోనులో దొరికిందని చెప్పింది. మనవరాలు కొత్త చిరునామా నొక్కింది. ముందు పేపరు పేరు, తేదీ, వారం. తర్వాత జమీందారు ఏడుపు. ఆ వెనకే పకపకా నారాయణి. యశోద ముసలి చేతులు రెండూ ఒడిలో కదులుతున్నాయి. చేట లేదు, ఆకు లేదు, దారం లేదు, వేళ్లు మాత్రం చుడుతూనే ఉన్నాయి.

“ఏం చేస్తున్నావు యశోదేచ్చీ?” అంది కౌసల్య.

“పాంచాలి వాటా” అంది యశోద. “ఆపకు, విననీ.”