హిస్కే సరే అన్నాక వదిలిన పడవ

పడవలు కట్టే కొట్టానికి పెద్దను మేము బాస్ అంటాం. ఆ మాట మావాళ్ళ ఓడలెక్కి అమెరికా చేరి, అక్కణ్ణించి లోకమంతా తిరిగిందంటారు. పుట్టిల్లు మాత్రం ఇదే, ఈ తారు వాసనలోనే.

వోబ్బే బాస్ ఆకులు రాలే కాలంలో కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోని చెల్లెలు హిస్కేకు కొట్టం మిగిలింది, సగం కట్టిన పడవ మిగిలింది. చలికాలమంతా ఆమే పని నడిపింది. తెల్లవారగానే వచ్చి, పెద్ద పనివాడు ముసలి సీట్సే కాలు జారకుండా దారి బల్లల మీది మంచు కొట్టేసేది. చర్చి గంట కొట్టడానికి పోతూ నేను రోజూ చూసేవాణ్ణి.

అయినా ఆమెను బాస్ అని ఎవరూ పిలవలేదు. పడవను నీళ్ళలోకి వదిలే ముందు పెద్ద పనివాడు టోపీ తీసి బాస్‌ను అడగాలి. బాస్ సరే అన్నాకే పడవను పట్టి ఉంచిన ఆఖరి చీల కొట్టి తీయాలి. ఆ సరే అనే మాట ఎవరు అంటే కొట్టం వాళ్ళదేనని ఊరి లెక్క.

పడవ సిద్ధమయ్యాక, కాఫీ ఊదుకుంటూ సీట్సే అన్నాడు: "ఆడదానివి, నిన్నెట్లా అడగనే హిస్కే? పక్కూరి యెల్లే బాస్‌ను రమ్మందాం."

"మా నాన్న కట్టిన కొట్టం తాతా ఇది. యెల్లే ఒక్కసారి సరే అంటే ఇక అతనిదే," అంది హిస్కే.

జర్మనీ వైపు నుంచి వచ్చిన పనివాడు ఓక్కో కలగజేసుకున్నాడు. "మా దగ్గర వెనకటికి మేనత్తను 'బాజె' అనేవాళ్ళు. ఆ మాటా మీ బాసూ ఒక్క వేరు నుంచే మొలిచి ఉంటాయని మా పాస్టరుగారు చెప్పేవారు. ఖాయంగా తెలీదట గానీ."

"అయితే మీ మేనత్తనే పిలవరా, చీల కూడా ఆమే కొడుతుంది," అన్నాడు సీట్సే. అందరూ నవ్వారు. హిస్కే కూడా నవ్వి, అతని గిన్నెలో ఇంకాస్త కాఫీ పోసింది.

ఆ రోజు రానే వచ్చింది. ఊరంతా గట్టున చేరింది. కబురందుకున్న యెల్లే కొత్త బూట్లతో వచ్చి, సీట్సే టోపీ తీయకముందే "కొట్టండి" అన్నాడు.

సుత్తులు లేచాయి.

"ఆగండి," అంది హిస్కే.

సుత్తులు ఆగిపోయాయి. ఎందుకు ఆగారో వాళ్ళకే తెలియలేదు.

ఆమె వంగి, పడవ జారడానికి కింద పరిచిన దుంగలకు పూసిన కొవ్వును, నీడ పడిన కొసన గోటితో గీకింది. అది మైనంలా పెళుసుగా రాలింది. "ఇది గడ్డకట్టింది. ఈ కొస కదలదు, ఆ కొస జారుతుంది. పడవ ఒరిగిపోతుంది. ఇదంతా గీకి, కాచిన కొవ్వు పూయండి."

"చలికి కొవ్వు అట్లాగే ఉంటుందిలే తల్లీ. నేను బాస్‌ను, చెబుతున్నాగా," అన్నాడు యెల్లే.

ఓక్కో అప్పటికే పొయ్యి రాజేస్తున్నాడు.

దుంగలు మళ్ళీ నిగనిగలాడాక సీట్సే యెల్లేను దాటుకుని వచ్చి హిస్కే ముందు నిలబడ్డాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"బాస్, వదలమంటారా?"

ఆమె దుంగలను మరోసారి చూసుకుంది. "దేవుడి పేరు తలుచుకుని వదలండి," అంది.

రెండు కొసలూ ఒక్కసారే జారాయి. పడవ తల ఎత్తుకుని నీళ్ళలో నిలిచింది. లేచిన అల యెల్లే కొత్త బూట్లను నిండా తడిపింది. ఎవరూ చెప్పకపోయినా నేను పరుగెత్తిపోయి గంట కొట్టాను.

మర్నాడు పొద్దున చూస్తే హిస్కే మళ్ళీ బల్లల మీది మంచు కొడుతోంది.

"బాస్ చేసే పనేనా అది?" అన్నాడు సీట్సే.

"నువ్వు జారిపడితే నన్ను బాస్ అని పిలిచేదెవరు తాతా? జరుగు," అంది.