కాసులమ్మ ఒప్పుకున్న తప్పు

కాసులమ్మ స్కూటీ నేర్చుకున్నది మొగుడి కోసమే. గార్డెన్ రీచ్‌లో ఓడల పనికి కాంట్రాక్టు కూలీగా వెళ్లే అప్పలసూరి కుడిచేతి మీద ఇనపరేకు జారిపడి వేళ్లు నుజ్జయిపోయాయి. ఆ చేత్తో అన్నం కలుపుకోవడమే గగనం, ఇక బండేం తోలతాడు? కాంట్రాక్టరు జాలిపడి ఒక గోడౌన్ దగ్గర కాపలా పని ఇప్పించాడు. రోజూ పొద్దున్న కాసులమ్మే మొగుణ్ణి వెనక ఎక్కించుకుని అక్కడ దించేది. అక్కణ్ణించి మెటియాబ్రుజ్ వెళ్లి, దర్జీ కార్ఖానాలో పిల్లల గౌన్ల మూటలు ఎత్తుకొచ్చి, వాట్‌గంజ్‌లో తమ పేట ఆడవాళ్లకి గుండీలు కుట్టడానికి పంచేది.

పెళ్లాం నడుపుతుంటే మొగుడు వెనక కూచోడమా అని పేటలో నవ్వినవాళ్లు చాలామందే. అందరికంటే ఎక్కువ గునిసింది అత్త కోటమ్మ. అప్పలసూరికి మాత్రం పట్టేది కాదు. "రాణీగారు తోలతన్నాది, నాను దర్జాగా కూకున్నాను, మీకేటి బాద?" అనేవాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి మూటలు మోయడానికి వచ్చారు. వీళ్లిద్దరూ ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్లాడి, రమాకుమారిని కన్నారు. ఆ పిల్ల ఇప్పుడు బెంగాలీ బడిలో పదకొండు చదువుతోంది.

ఇంట్లో హెల్మెట్ ఒకటే. ఆవేళ కూడా అప్పలసూరి దాన్ని ఆమె నెత్తినే పెట్టాడు.

"తోలే మనిసికుండాల. నాకేటి, నీ ఎనకాలున్నాను" అన్నాడు.

డాక్ వంతెన దిగగానే కూడలి. ఆగి ఉన్న లారీ చాటు నుంచి తెల్లబట్టల ట్రాఫిక్ సార్జెంటు ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తాడు. కాసులమ్మకి ఆ చెయ్యీ కనబడింది, వెనకాల హారన్ కొట్టుకుంటూ మీదికొస్తున్న కంటెయినర్ బండీ అద్దంలో కనబడింది. ఉన్నచోట బ్రేకు వేస్తే ఇద్దరూ చక్రాల కింద ఉంటారు. కొంచెం ముందుకెళ్లి ఎడమ పక్కకి ఆపుదామని హ్యాండిల్ తిప్పింది. సార్జెంటు పారిపోతోందనుకున్నాడు. పక్కనించి పోతున్న బండి మీదికి లాఠీ విసురుగా తిప్పాడు.

దెబ్బ చప్పుడు ఆమెకి హెల్మెట్‌లోంచి కూడా వినబడింది. ఆమె నడుము పట్టుకున్న చెయ్యి వదిలేసింది. బండి తేలికైపోయింది.

ఆపి చూసేసరికి అప్పలసూరి తారు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. సార్జెంటు కుర్రవాడే. మొదట ఫోన్ తీసి స్కూటీ నంబరు ఫొటో తీసుకున్నాడు. "హెల్మెట్ ఏదీ? వెనకవాడి హెల్మెట్ ఏదీ?" అని బెంగాలీలో అరుస్తూ వచ్చి, కిందకి చూసి నోరు మూసుకున్నాడు. అప్పలసూరి చెవిలోంచి నెత్తురు కాలరు కిందికి పోతోంది.

ఆసుపత్రి వరండాలో కూచున్నప్పుడు ఆమె ఫోన్ మోగింది. వెనక కూర్చున్న వ్యక్తికి హెల్మెట్ లేనందుకు జరిమానా అని సందేశం. మధ్యాహ్నానికి అప్పలసూరి పోయాడు.

దహనం అయిన మర్నాడు పోలీసు థానాకి రమ్మన్నారు. అక్కడ అందరూ పెద్దబాబు అనే థానా అధికారి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, దీదీ అని పిలిచాడు.

"నువ్వు బండి ఆపలేదు దీదీ. ఆపకుండా లాగావు. వెనక మనిషి తూలి పడ్డాడు. అంతేగా?"

"కాదు బాబూ. లాఠీతో కొట్టారు."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ముందుకి చూసి నడుపుతున్నావా, వెనక్కి చూసి నడుపుతున్నావా?"

కాసులమ్మ రెండు జవాబులూ తూచుకుంది. ముందుకి అంటే కొట్టడం చూడలేదన్నట్టు. వెనక్కి అంటే మొగుణ్ణి తనే చంపుకున్నట్టు.

"వెనక్కి చూసి నడిపానంటే అదే రాసుకుంటాం" అన్నాడు పెద్దబాబు మెత్తగా. నిర్లక్ష్యంగా బండి తోలి మనిషి చావుకి కారణమైందని ఆమె మీదే కేసు కట్టారు. జామీను మీద వదిలారు. లైసెన్సు లాక్కున్నారు.

ఆ కూడలిలో టీ బడ్డీ మేరీరాణిది. ఆమె మనవాళ్ల మనిషే, పలాస వైపు. కాసులమ్మ వెళ్లి చేతులు పట్టుకుంది.

"అక్కా, నువ్వు సూసినావు కదా?"

"సూసినాను" అంది మేరీరాణి. "సెప్పను."

"అక్కా!"

"ఈ బడ్డీ పుట్‌పాత్ మీదున్నాది. ఆల్లు ఉండనిస్తేనే ఉన్నాది. నీ మొగుడు మల్లీ లెగిసొస్తాడా? రాడు. నా బడ్డీ పోతే నాకూ రాదు. ఎల్లమ్మా, ఆ బాబు వచ్చే ఏలయింది, నిన్నిక్కడ సూడకూడదు."

సార్జెంటు వచ్చేసరికి గ్లాసు నిండా టీ సిద్ధంగా ఉంది. కాసులమ్మ రోడ్డు అవతల నించుని అతను తాగడం చూసింది. ఊదుకుని ఊదుకుని, నింపాదిగా తాగాడు.

బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసే జానకిరామ్ గారి దగ్గరికి వెళితే ఆయన కూర్చోబెట్టి ఓపిగ్గా విన్నారు. రెండేళ్ల కిందట మనవైపు నుంచి బదిలీ మీద వచ్చారాయన.

"పరాయి ఊళ్లో ఉన్నవాళ్లం, పోలీసులతో పెట్టుకోకూడదమ్మా" అన్నారు.

"నాను ఈ ఊళ్లోనే పుట్టినాను బాబూ."

ఆయన ఫోన్ తీసి నంబరు వెతికారు. తెలిసిన లాయరు పేరు చెప్పి పంపారు. ఆ లాయరు కాగితాలు తిరగేసి, తప్పు ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని, లాఠీ మాటెత్తితే ఏళ్ల తరబడి తిరగాలని, ఓడిపోతే జైలని చెప్పాడు. "కూతురు ఉందన్నావు కదా" అని గుర్తుచేశాడు.

ఇంట్లో అత్త ఆమె చేతి నీళ్లు ముట్టడం మానేసింది. "ఆడదానికి బండెందుకే అని మొత్తుకున్నాను. ఇన్నావా? నా కొడుకుని ఎనక కట్టుకు తీసుకుపోయి పారేసినావు." రమాకుమారి ఏడవలేదు, కసరలేదు. ఒకసారి మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండా అడిగింది.

"అమ్మా, అతను చెయ్యెత్తాడు కదా. ఎందుకు ఆపలేదు?"

కంటెయినర్ బండి సంగతి ఆమె మళ్లీ మొదటినుంచీ చెప్పింది. పిల్ల అంతా విని, పేజీ తిప్పింది.

కోర్టులో మేజిస్ట్రేటు అడిగినప్పుడు లాయరు ఆమె మోచెయ్యి గిల్లాడు.

"ఒప్పుకుంటున్నాను" అంది కాసులమ్మ.

జరిమానా, కోర్టు లేచేదాకా శిక్ష. సాయంత్రం వరకూ వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. వేరే కేసులో సాక్ష్యానికొచ్చిన ఆ సార్జెంటు పక్కనించి పోతూ ఆమెని పోల్చుకున్నాడు. క్షణం ఆగి, మంచినీళ్లు కావాలా అని అడిగాడు. ఆమెకి పొద్దుట్నించీ దాహంగానే ఉంది. వద్దని తలూపింది.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది.

"ఏటన్నారే?"

"తప్పు ఒప్పుకున్నానత్తా. అలాగే సెప్పమన్నాడు లాయరు. కానీ ఆడే కొట్టినాడు, నీ కొడుకుని ఆడే..."

కోటమ్మ ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. బిందె చంకనెత్తుకుని సందు కుళాయి దగ్గరికి పోయింది. "ఇన్నారేటమ్మా? దాని నోటితో అదే సెప్పీసింది, జడ్జీ ముందర. నానే సేసినాను, నానే సంపీసినానని." ఇంట్లోకి వినబడేలాగే చెప్పింది.

రమాకుమారి తల్లి వైపు చూసింది. "కోర్టులో అబద్ధం ఎందుకు చెప్పావమ్మా? లేకపోతే అదే నిజమా?"

కాసులమ్మ లేచి బయటికి నడిచింది. కుళాయి చుట్టూ ఆడవాళ్లు తలలు తిప్పి చూశారు. గుండీలు కుట్టేవాళ్లే అందరూ.

"కొట్టినాడు" అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "లాటీతో తల మీద కొట్టినాడు. నాను సూసినాను. జైలుకి బయపడి ఒప్పుకున్నాను."

ఒకామె తన బకెట్టు పక్కకి జరిపి కాసులమ్మకి చోటిచ్చింది, నీళ్లకొచ్చిందనుకుని. కుళాయి పారుతూనే ఉంది. అత్త బిందె నింపుకుని, కొంగుతో మూతి తుడుచుకుని, ఆమెని తగలకుండా తప్పుకుని ఇంట్లోకి పోయింది.