ఏ భాగంలో, ఏ నిమిషంలో?

మా ఆడబడుచు ఇన్షిరాహ్ ఈజిప్టులోని తంతా అనే ఊళ్లో ఆడపిల్లల బడిలో చరిత్ర చెబుతుంది. రంజాన్ వచ్చిందంటే ఇఫ్తార్ గిన్నెలు నా నెత్తిన పడేసి ఫోను పట్టుకుని కూర్చుంటుంది. ఆ నెలంతా టీవీలో వచ్చే సీరియల్ గురించి జనం వాదించుకునే ఫేస్‌బుక్ గ్రూపు ఒకటుంది. అది పెట్టింది ఫోన్లు బాగుచేసే హైసమ్. నియమాలు రాసి, కాపలా కాసేది మా వదిన. అసలు నియమం ఇదీ: సీరియల్లో దొంగ ఎవరో ఎవరైనా ఊహించవచ్చు, కానీ ఆధారం ఏ భాగంలో, ఏ నిమిషంలో ఉందో చూపించాలి.

ఈసారి కథ నగల దుకాణం దోపిడీ. "దొంగ కథానాయిక మేనమామే. షూటింగులో లైట్లు పట్టే మా బావ చెప్పాడు" అని హైసమే రాశాడు. వదిన తీసేసింది.

"నా గ్రూపులో నా మాటే తీసేస్తావా టీచరమ్మా?"

"ఆధారమేది నాయనా?"

"మా బావ!"

"మీ బావ ఏ భాగంలో కనబడ్డాడు?"

అందరూ నవ్వారు. హైసమ్‌కు ఒళ్లు మండింది.

ఆఖరి భాగంలో దొంగ మేనమామే అని తేలింది. గ్రూపంతా వదిన మీద విరుచుకుపడింది. పండగలోపు అందరి ముందూ క్షమాపణ చెప్పు, లేదా బయటికి నడువు అన్నాడు హైసమ్. నాకు భయమేసింది. బడి నుంచి వచ్చాక ఆవిడతో వాదించే మనిషి ఇంట్లో లేడు. ఉన్నదల్లా ఆ గ్రూపే.

పండగకి చేసే కహ్క్ బిస్కెట్ల పిండి పిసుకుతూ బతిమాలాను. "ఒక్క ముక్క రాసి పారెయ్ వదినా. వాడన్నదే నిజమైందిగా!"

"కావచ్చు. ముందు చూపించాడా?"

"ఇప్పుడు దర్శకుడే చూపించాడుగా!"

"ఏం చూపించాడు, నా తలకాయ! దోపిడీ జరిగిన రాత్రి ఆ మేనమామ కాలికి కట్టుతో ఆసుపత్రి మంచం మీదున్నాడు. ఐదో భాగం, పన్నెండో నిమిషం. రంజాన్ సగమైనా షూటింగు తెమలక, చివరికి నోటికొచ్చింది అతికించారు."

గ్రూపులో ఎవరో పెట్టిన ఆ ఆఖరి సన్నివేశాన్నే తీసేసి, కారణం రాసింది: "ఆధారం లేని ఊహ. దర్శకుడికైనా నియమం ఒకటే."

"ఇక నన్ను తీసెయ్యమను. వాణ్ణీ కారణం రాయమను" అంది.

హైసమ్ తీసేశాడు. కారణం రాయలేదు. అంతే, నిన్న ఆవిణ్ణి తిట్టినవాళ్లే కారణమేదంటూ వాడి మీద పడ్డారు. నా ఫోనులో చదివి వినిపిస్తుంటే వదిన కళ్లు తుడుచుకుంది. ఒకడు హైసమ్‌ను గాడిద అన్నాడనేసరికి మాత్రం గయ్యిమంది.

"మనిషిని తిట్టొద్దని రాయవే! వాడు చేసిన పనిని తిట్టమను, ఎంతైనా!"