కొత్తవాడ తోటకు బాత్రూం

2022లో నేను వరంగల్‌లో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా పనిచేస్తున్నాను. బస్తీలోని మహిళా సంఘాలకూ మున్సిపల్ ఆఫీసుకూ మధ్య తిరిగే ఉద్యోగం అది. ఆ ఏడు కొత్తవాడలో చెత్త పోసే ఖాళీ జాగాను శుభ్రం చేయించి కమ్యూనిటీ గార్డెన్ మొదలుపెట్టాం. అంటే బస్తీవాళ్లే కలిసి కూరగాయలు పండించి పంచుకునే తోట. పన్నెండు మంది ఆడవాళ్లు పనిలోకి దిగారు. కమిటీలో మాత్రం ఐదుగురూ మగవాళ్లే. ఆ జాబితా రాసింది నేనే. మగవాళ్లయితే సంతకాలకు దొరుకుతారు, ఫైలు తొందరగా కదులుతుంది అనుకున్నాను.

పన్నెండు మందిలో కొమురమ్మక్క పెద్దది. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా తోటలో ఉండేది. మధ్యాహ్నం నుంచి జంపఖానాల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. రాళ్లూ ప్లాస్టిక్కూ ఏరి ఆమె చేసిన మడుల్లోనే మొదటి పాలకూర, పుంటికూర వచ్చాయి.

చలికాలంలో తోటలో ఏదైనా ఒక్కటి కట్టుకోవడానికి డబ్బు మంజూరైంది. మీటింగ్ పెట్టాం. కమిటీ ప్రెసిడెంటు రిటైర్డ్ టీచరు, అందరూ సారు అనేవారు. తోటలో రోజూ హాజరు రాసేదీ ఆయనే. "ఒక షెడ్డు ఏసుకుందాం. పెద్దసార్లు వస్తే కూసోవెట్టనీకె జాగ లేదు," అన్నారు.

కొమురమ్మక్క లేచింది. "సారూ, మా ఆడోళ్లకు జర..." అని ఆగిపోయింది.

"చెప్పమ్మా, ఏం గావాలె?" అన్నారాయన. మర్యాదగానే అడిగారు.

అంతమంది మగవాళ్ల ముందు బాత్రూం మాట ఆమె నోట రాలేదు. నా వైపు చూసింది. ఏం అడగబోయిందో నాకు అర్థమైంది. ఆ రోజు నాకు ఇంకా రెండు మీటింగులున్నాయి. మినిట్స్‌లో, అంటే తీర్మానాలు రాసే పుస్తకంలో, షెడ్డుకు ఏకగ్రీవంగా ఆమోదం అని రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను.

ఎండాకాలం మొదట్లో ఆమె దవాఖానలో ఉందని తెలిసి వెళ్లాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందట. పనిలో నీళ్లెందుకు తాగరని డ్యూటీ డాక్టరు కోప్పడి వెళ్లింది.

"తాగితే మళ్ల పోవాలె గద," అంది కొమురమ్మక్క నాతో. "నడుమల ఇంటికి పొయ్యొస్తే సారు రిజిస్టర్ల ఆబ్సెంట్ ఏస్తాండు, ఆ రోజు కూరల వాటా పోతది."

"మీటింగ్‌ల చెప్పకపోయినవా అక్కా?"

"నువ్వు చెప్తవనుకున్న బిడ్డా. నువ్వు సుత ఆడిమనిషివే గద."

తోటకు వెళ్లే రోజుల్లో నేనూ పొద్దున నీళ్లు తక్కువే తాగేదాన్ని. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

సారును కలిశాను. "అందరి సంతకాలున్నయ్ గదమ్మా," అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి. "మా ఇంట్ల వాడుకుంటమంటె వద్దన్ననా?" ఆయన ఇల్లు మూడు గల్లీల అవతల. మట్టికాళ్లతో వెళ్లి ఆ తలుపు కొట్టేదెవరు?

మినిట్స్ తప్పు రాశానని ఆఫీసులో రాసిచ్చాను. నాకు మెమో వచ్చింది, అంటే సంజాయిషీ అడిగే కాగితం. బాత్రూం మాత్రం మరో వానాకాలం గడిచాక గానీ రాలేదు. అప్పటికి పన్నెండు మందిలో ఐదుగురే మిగిలారు. షెడ్డు కింద మగవాళ్లు పేపరు చదువుకుంటున్నారు.

కొమురమ్మక్క మళ్లీ పనికి రాలేదు. ఒకసారి నేను పిలిస్తే వచ్చి, బాత్రూం తలుపు తీసి, లోపలి గడియ రెండుసార్లు వేసి చూసింది. "మంచిగున్నది. మిగిలినోళ్లకు అక్కరకొస్తది," అంది. ఆమె మడుల్లో గడ్డి పెరిగింది. అటు చూడకుండానే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఏ బస్తీలో జాగా చూడబోయినా, మట్టీ నీళ్లూ చూడకముందే ఆడవాళ్లను పక్కకు పిలిచి, పనిలో ఉన్నప్పుడు ఎక్కడికి వెళ్తారని అడుగుతాను. చాలాచోట్ల నవ్వి ఊరుకుంటారు. జవాబు వచ్చేదాకా నేను కూర్చునే ఉంటాను. తెలిసిన సంగతిని నోరు తెరిచి చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని నాకు తెలిసిరావడానికి, కొమురమ్మక్క నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకోవాల్సి వచ్చింది.